డబ్బు అడిగితే సరిపోదు

మనిషిని ఎత్తుకుపోయి, సొమ్ము ముట్టేదాకా దాచిపెట్టడం కొత్త నేరమేమీ కాదు. అయినా 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో దానికంటూ విడిగా ఒక సెక్షన్ లేదు. సంరక్షకుల దగ్గర్నుంచి పిల్లల్ని ఎత్తుకుపోతే 363, చంపడానికైతే 364, రహస్యంగా నిర్బంధించడానికైతే 365, బెదిరించి డబ్బు గుంజితే 384. పోలీసులు వీటినే అతికించుకుంటూ నూట ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చారు.

1971లో లా కమిషన్ తన 42వ నివేదికలో 364ఎ పేరుతో కొత్త సెక్షన్ ప్రతిపాదించింది. డబ్బు కోసం పట్టి ఉంచుకునే ఉద్దేశంతో ఎవరినైనా అపహరిస్తే 14 ఏళ్ల దాకా కఠిన శిక్ష, జరిమానా. ఉద్దేశం రుజువైతే చాలు. బెదిరింపు ఊసే లేదు. ఆ ప్రతిపాదన ఆ రూపంలో చట్టం కాలేదు.

ఈలోగా నేరం రూపు మారింది. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారుల్ని పట్టుకుపోయింది. అడిగింది డబ్బు కాదు, జైల్లో ఉన్న తమవాళ్ల విడుదల. రెండేళ్లకు కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కుమార్తెను శ్రీనగర్‌లో అపహరించినవాళ్ల కోరికా అదే. 1993 మే 22న అమల్లోకి వచ్చిన 364ఎలో డబ్బుతో పాటు ‘ఏదైనా పని చేయించడం, మాన్పించడం’ కూడా చేరింది. బందీల అపహరణపై 1979 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 1994లో చేరింది. మరుసటి ఏడు విదేశీ ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థల ప్రస్తావన కూడా సెక్షన్‌లోకి వచ్చింది.

శిక్ష మాత్రం ఉరి, లేదా యావజ్జీవం. అంతకు దిగువన మెట్టు లేదు. ఇంత బరువు పెట్టారు కాబట్టే పార్లమెంటు మరో షరతు కూడా పెట్టింది. అపహరణ జరగాలి, ‘మరియు’ చంపుతామనో గాయపరుస్తామనో బెదిరించాలి; లేదా ప్రవర్తనతో అలాంటి భయం సహేతుకంగా పుట్టించాలి; లేదా నిజంగానే గాయపరచాలి, చంపాలి. ఇదంతా ఎవరినో లొంగదీసి డబ్బో పనో రాబట్టడానికి జరగాలి.

మొదట్లో కోర్టుల తర్జనభర్జన అంతా డబ్బు డిమాండు చుట్టూనే తిరిగింది. నిందితుడి జేబులో దొరికిన, పంపని ఉత్తరం డిమాండు కిందికి రాదని 2001లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొంత సడలించింది: డబ్బు ఇవ్వాల్సిన తండ్రికి కబురు అందకపోయినా, పట్టుబడ్డ కొడుకుతో ఆ మాట అంటే చాలు. ఇది ఉగ్రవాదుల కోసం చేసిన సెక్షనే తప్ప మామూలు నేరగాళ్లకు వర్తించదన్న వాదనను 2015లో త్రిసభ్య ధర్మాసనం తోసిపుచ్చింది. మరణశిక్ష కూడా రాజ్యాంగబద్ధమేనంది.

‘మరియు’ అసలు బరువు 2021 జూన్ 28న సుప్రీంకోర్టు తీర్పుతో తెలిసింది. ఆ కేసు మన హైదరాబాద్‌ది. 2011లో ఒక ఆటోడ్రైవరు బడిపిల్లవాణ్ని తీసుకుపోయి, తండ్రిని రెండు లక్షలు అడిగాడు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది, హైకోర్టు సమర్థించింది. అపహరణ నిజం, డబ్బు అడగడం నిజం. కానీ తనను బాగానే చూసుకున్నాడని పిల్లవాడే కోర్టులో చెప్పాడు. చంపుతాననో కొడతాననో బెదిరించినట్టు నమ్మదగ్గ సాక్ష్యం జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిల ధర్మాసనానికి కనిపించలేదు. 364ఎ కొట్టేసి, 363 కింద ఏడేళ్లు, ఐదు వేల జరిమానా ఖాయం చేసింది.

బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి, ఫోన్ మోగగానే భయం పుట్టదా? ఈ ప్రశ్న సహజమే. కానీ ఆ భయం సాక్ష్యంగా మారాలి: ఏ మాట అన్నాడు, ఏ కత్తి చూపాడు. మన దర్యాప్తుల్లో సొమ్ము చేతులు మారే చోట వల పన్నడానికి ఉన్న శ్రద్ధ, పిల్లవాడి వాంగ్మూలంలో ఈ వివరాలు రాబట్టడానికి ఉండదనిపిస్తుంది. 2023లో హర్యానా కేసులోనూ, 2024లో తమిళనాడు కేసులోనూ 364ఎ ఇలాగే 363కు దిగిపోయింది.

2024 జులై 1 నుంచి 364ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 140(2) వచ్చింది. సంరక్షకుల నుంచి అపహరణ విషయంలో మగపిల్లలకు పదహారుగా ఉన్న వయోపరిమితి ఆడపిల్లలతో సమానంగా పద్దెనిమిదికి పెరిగింది. ‘మరియు’ మాత్రం కదల్లేదు.