పక్కవాద్యం నుంచి ముందు వరసకి: ఫిడేలు

గోదావరి సీమలోని పాలకొల్లులో డచ్చివాళ్లు బట్టల వర్తకం చేస్తున్న కాలమది. 1700లో రోములో ఫిడేలు విద్వాంసుడు ఆర్కాంజెలో కొరెల్లి పన్నెండు ఫిడేలు సొనాటాలను అచ్చువేయించాడు. కాగితం మీద ఉండేది రెండే వరసలు: పైన ఫిడేలు, కింద మంద్రం. మంద్రస్వరాల దగ్గర అంకెలుంటాయి. 6 కనబడితే హార్ప్సికార్డు అనే మీటల వాద్యం వాయించే మనిషి ఆ స్వరం మీద మూడోదాన్నీ ఆరోదాన్నీ కలిపి పట్టాలి. దాన్ని ఎలా నింపుతాడన్నది అతని మనోధర్మం. విలంబ భాగాల్లో ఫిడేలుకీ అంతే, అచ్చులో ఉన్నవి బోసి స్వరాలు, అలంకారాలు వాయించేవాడే చేర్చుకోవాలి. 1710లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేసిన ప్రతిలో, కొరెల్లి స్వయంగా వాయించే తీరు ఇదంటూ ఆ అలంకారాలను కూడా ముద్రించారు. పాటలో ఒక పంక్తిని అప్పటికప్పుడు రకరకాలుగా విస్తరించే నెరవల్ విన్న చెవికి ఈ సంగీతం పరాయిది కాదని నా గట్టి నమ్మకం.

ఫిడేలు మన కర్ణాటక సంగీతంలోకి మద్రాసు దారిన వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి (1786–1859) ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నారు. ఆ వృత్తాంతం సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన తెలుగు గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఉంది. మనవాళ్లు తీగలను స–ప–స–పలకి శ్రుతి చేశారు. బాసింపట్టు వేసుకుని, వాద్యం కొసను కుడికాలి చీలమండ మీద ఆనించారు. బరువంతా కాలు మోస్తుంది, ఎడమచెయ్యి తీగ పొడవునా హాయిగా జారుతుంది. గమకం పలికేది అందుకే.

కానీ ఐరోపాలో పాటంతా తానే నడిపిన వాద్యం ఇక్కడ గాయకుడి పక్కన కూర్చుంది. దాన్ని మళ్లీ ముందుకి తెచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964). విజయనగరం సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన సోలో కచేరీలో మృదంగం, తంబూరా ఫిడేలుకి తోడు.

గోదావరి సీమ తన వంతు ఇచ్చింది. 1930లో శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ ఫిడేలూ, వయోలా కూడా వాయించారు. ఆయనతోపాటు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులైన అన్నవరపు రామస్వామి 1926లో ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టారు. దశాబ్దాలపాటు విజయవాడ ఆకాశవాణిలో వాయించారు. పద్మశ్రీ 2021లో గాని రాలేదు. అది ఎప్పుడో రావలసింది.