రహీం మాస్టారు

1990 ప్రపంచ కప్పుకు ఎమిరేట్స్ జట్టును చేర్చినవారు బ్రెజిల్ శిక్షకుడు జగాలో. ఇటలీలో దాన్ని నడిపినవారు మరో బ్రెజిల్ దేశీయుడు పరేరా. ఇక్కడ శిక్షకుణ్ణి రప్పించుకున్నారు. హైదరాబాదుకు మాత్రం ఊళ్లోనే దొరికాడు, అదీ ఒక బడిపంతులు! అదే వృత్తిలో ఉన్న మాకు కాస్త గర్వమే.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు కుర్రాళ్లకు వాటం లేని కాలితోనే బంతి తన్నాలని షరతు పెట్టి పోటీలు జరిపేవారు. రెండు కాళ్లూ సమానంగా ఆడేవాణ్ణి అడ్డుకోవడం ఎవరి తరం? ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు దెబ్బ తగిలిన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగును ముందు నిలిపారు. అతడు గోలు కొట్టాడు, స్వర్ణం మనదైంది.

1963 జూన్‌లో రహీం గారు పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.