కూలిన గాలిగోపురం, లేచిన గాలిగోపురం

సముద్రాన్ని చేరే స్వర్ణముఖి నది, అంతకుముందు శ్రీకాళహస్తిలో వాయులింగేశ్వరుడి గుడిని ఒరుసుకుంటూ వస్తుంది. ఆ గుడికి దూరం నుంచే ఆనవాలు ఏడంతస్తుల రాజగోపురం. జనం నోట అది గాలిగోపురం.

మొదటి గోపురం శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. గజపతి రాజుల మీద గెలిచి వచ్చిన రాయలు 1516లో దీన్నీ, నూరుకాళ్ల మండపాన్నీ కట్టించాడు. ఎత్తైన మేడలు అరుదైన ఆ కాలంలో ఊరికి ఆకాశహర్మ్యం గోపురమే.

రాజగోపురాలకు కింద రాతి కట్టు, పైన ఇటుకా సున్నమూ ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ అంతస్తులు కుదించి బరువు తగ్గిస్తారు. గోడకు బీట పడితే మాత్రం ఆ బరువు సమంగా దిగదు. వాననీరు సందుల్లోకి చేరి సున్నాన్ని వదులు చేస్తుంది. ఈ గోపురానికీ నిలువునా బీటలు పడ్డాయి. అవి ఏళ్ల తరబడి కళ్ల ముందే ఉన్నాయి. 2010 మే నెలలో బాగా విచ్చుకోవడంతో అధికారులు చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు. మే 26 రాత్రి ఎనిమిది గంటల వేళ గోపురం కుప్పకూలింది. ముందుజాగ్రత్త వల్ల పెద్ద ముప్పు తప్పింది కానీ, 494 ఏళ్ల కట్టడం దక్కలేదు.

కూలినచోట ఏం చేయాలన్న ప్రశ్న లోకంలో చాలా ఊళ్లకు ఎదురైంది. వెనిస్‌లో సెయింట్ మార్క్ గంటల గోపురం 1902లో కూలితే, అదే చోట అదే రూపంలో 1912 నాటికి మళ్లీ నిలబెట్టారు. న్యూయార్క్ మరో దారి పట్టింది. 2001లో ఉగ్రవాదుల దాడికి నేలమట్టమైన జంట భవనాల చోటును స్మారకంగా ఉంచి, పక్కన కొత్త హర్మ్యం కట్టి 2014లో తెరిచింది.

శ్రీకాళహస్తి వెనిస్ దారినే నడిచింది. కృష్ణపట్నం ఓడరేవును కట్టిన నవయుగ సంస్థ ఈ పని చేపట్టింది. సుమారు 45 కోట్ల రూపాయల ఖర్చుతో, 144 అడుగుల ఎత్తున, మళ్లీ ఏడంతస్తులతో గోపురం లేచింది. 2017 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

కొత్త గోపురం ఊరికి తలెత్తుకునే ధైర్యాన్నిచ్చింది. రాయల నాటి పనివాళ్ల చేతిపనిని మాత్రం ఎన్ని కోట్లు పెట్టినా తిరిగి తేలేం. నెల్లూరు రంగనాథస్వామి గాలిగోపురం మొదలు మన ఊళ్లలో నిలిచి ఉన్న ప్రతి గోపురాన్నీ ఏటా నిపుణుల చేత పరీక్ష చేయించాలి. బీట సన్నగా ఉన్నప్పుడే పూడ్చాలి.