జాహిర్, బాతిన్ మధ్య ఒక పాదరీ

మొన్న రాత్రి మా చిన్నోడు అడిగాడు: "అబ్బా, రాయికి రూహ్ ఉంటదా?" బడిలో సార్ లేదన్నాడట, నానీమా ఉందన్నదట. ఎవరి మాట సహీ అని వాడి పరేషానీ. నాకు ఫ్రాన్స్ పాదరీ ఒకాయన యాదికొచ్చాడు.

పియెర్ తెయార్ ద షార్డాన్ 1881లో పుట్టాడు. జెసూట్ సంఘంలో చేరి 1911లో పాదరీ అయ్యాడు. పేషా మాత్రం భూగర్భశాస్త్రం, శిలాజాల తలాష్. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సిపాయీలను స్ట్రెచర్ మీద మోశాడు. తర్వాత చైనాలో, పెకింగ్ మానవుడి ఎముకలు దొరికిన తవ్వకాల్లో పనిచేశాడు.

ఆయన ఖయాల్ ఇదీ: ప్రతి వస్తువుకూ రెండు ముఖాలున్నాయి. మన జబాన్‌లో చెప్పాలంటే జాహిర్, బాతిన్. సైన్స్ కొలిచేది జాహిర్‌నే. బాతిన్ అంటే లోపలి చైతన్యం. అది అణువులోనూ జర్రంత ఉంది. పదార్థం అల్లిక చిక్కనయ్యే కొద్దీ పెరుగుతుంది. మనిషిలో తనను తాను ఎరుగుతుంది. ఇలాంటి ఆలోచనను సర్వచైతన్యవాదం అంటారు.

చిక్కు ఇక్కడే. చైతన్యం మట్టిలోంచే మెల్లగా పెరిగితే, ఒక్కో రూహ్‌ను ఖుదా నేరుగా సృష్టిస్తాడన్న కాథలిక్ అఖీదా ఏం కావాలి? ఆదం చేసిన తొలి పాపం మనుషులందరికీ అంటిందన్న మాట ఏం కావాలి? ఈ తొలి పాపం మీద రాసుకున్న ఒక కాగితం రోమ్ చేరడంతో 1920లలో ఆయన పారిస్ కొలువు పోయింది. చైనా ఒక రకంగా జలావతనీ. అక్కడే 1938-40లో 'మానవ దృగ్విషయం' అనే కితాబ్ రాశాడు. అచ్చుకు ఇజాజత్ రాలేదు. 1948లో స్వయంగా రోమ్ వెళ్లి అడిగాడు. అప్పుడూ ఇన్కారే.

ఆయన బగావత్ చేయలేదు, సంఘం వదల్లేదు. రాతప్రతులను నమ్మకస్తురాలైన ఒకామెకు అప్పగించాడు. 1955 ఏప్రిల్ 10న, ఈస్టర్ రోజే, న్యూయార్క్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. కితాబ్ ఆ ఏడాదే వెలువడింది. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ ఇంగ్లీషు తర్జుమాకు ముందుమాట రాసి మెచ్చుకున్నాడు. నోబెల్ గ్రహీత పీటర్ మెడావర్ మాత్రం 1961లో చీల్చిచెండాడాడు. మరుసటి ఏడాది వాటికన్ ఆ రచనల్లో తీవ్రమైన గలతీలున్నాయని హెచ్చరించింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ తన లేఖలో ఆయన కృషిని ప్రస్తావించాడు. అప్పటికి ఆయన పోయి 60 ఏళ్లు.

బాతిన్‌ను తూచే తరాజు సైన్స్ దగ్గర లేదు. అందుకే ఆయన జవాబును రుజువైన మాటగా నేను తీసుకోను. సవాల్ మాత్రం నాకు అసలైనదిగానే తోస్తుంది.

చిన్నోడితో అన్నాను: "బేటా, సార్ చెప్పింది మంచిగ నేర్చుకో. నానీమాను కూడా అడుగు, ఎందుకట్ల అంటున్నదో. అడిగినందుకు ఈ ఇంట్ల నిన్ను ఎవరూ దూరం పంపరు."