కోర్టు వెనక కొలువుదీరిన సభ

2003 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనంలో 85 దేశాల ప్రతినిధులు ఓటు మీద ఓటు వేస్తూ కూర్చున్నారు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు తొలి 18 మంది న్యాయమూర్తులను తేల్చడానికి 33 విడతలు పట్టింది. ఒక్కొక్కరికి మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. ఆడవాళ్ళు ఇందరు, ఫలానా ప్రాంతం నుంచి ఇందరు అనే పట్టింపులు దానికి తోడు. చివరికి ఏడుగురు మహిళలు గెలిచారు. ఎవరిది మూడేళ్ళ పదవి, ఎవరిది ఆరేళ్ళు, ఎవరిది తొమ్మిదేళ్ళు అన్నది మాత్రం చీటీలు తీసి తేల్చారు! తీర్పులు హేగ్‌లో చెప్పినా, తీర్పరులను కూర్చోబెట్టేది ఈ సభ్యదేశాల సభే.

మాదకద్రవ్యాల ముఠాలతో వేగలేక 1989లో ట్రినిడాడ్ అండ్ టొబాగో ఈ కోర్టు ఆలోచనను సమితిలో మళ్ళీ కదిపింది. (తీరా ఒడంబడిక కుదిరేసరికి నేరాల జాబితాలో ఆ మాదకద్రవ్యాలే లేవు.) 1994 నాటి ముసాయిదాలో ప్రాసిక్యూటర్ తనంతట తాను కేసు కదపలేడు. ఏదో ఒక దేశం ఫిర్యాదు చేయాలి, లేదా భద్రతామండలి పంపాలి. 1998 జులై 17న రోమ్‌లో 120 దేశాలు ఆమోదించిన ఒడంబడికలో ఆ ముడి వదిలించారు. న్యాయమూర్తులు సరేనంటే ఆయనే దర్యాప్తు మొదలుపెట్టొచ్చు. మండలికి మిగిలినవి కేసులు పంపడం, ఏడాది చొప్పున ఆపించడం. ఆ మాత్రమైనా ఎందుకని భారత్ అభ్యంతరం చెప్పింది, ఓటింగుకు దూరంగా ఉంది. ఇప్పటికీ సభ్యత్వం తీసుకోలేదు కనుక ఆ సభలో మనకు ఓటు లేదు.

సభ తొలిసారి కూడింది 2002 సెప్టెంబరులో. దేశానికో ఓటు. ప్రాసిక్యూటర్‌ను ఎన్నుకోవడం, తొలగించడం, బడ్జెట్ ఆమోదించడం దాని పనులు. రెండేళ్ళ చందా బకాయిపడితే ఓటు పోతుంది. 2005లో సూడాన్‌లోని డార్ఫుర్ వ్యవహారాన్ని కోర్టుకు అప్పగించిన భద్రతామండలి, ఖర్చు మాత్రం సమితి భరించదని తీర్మానంలోనే రాసేసింది. పెళ్ళి కుదిర్చి, భోజనాల ఖర్చు పక్కింటివాళ్ళ మీద వేసినట్టు.

సభ చెయ్యి బాహాటంగా కనిపించింది 2013లో. కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా, ఉపాధ్యక్షుడు విలియం రూటో ఇద్దరూ హేగ్‌లో నిందితులు. విచారణలు ఆపించాలన్న తీర్మానానికి నవంబరు 15న మండలిలో ఏడు ఓట్లే వచ్చాయి, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. పన్నెండు రోజులు తిరిగేసరికి సభ కోర్టు నియమావళినే సవరించింది: దేశంలో అత్యున్నత బాధ్యతల్లో ఉన్న నిందితుడు తాను రాకుండా లాయరును పంపేందుకు అనుమతి అడగవచ్చు. పదవిని చూసి మినహాయింపు ఇవ్వరాదనే 27వ అధికరణం ఉన్నది అదే ఒడంబడికలో! కేసును సభ ముట్టుకోలేదు, నిందితుడి కుర్చీ ఖాళీ చేసుకునే వీలు మాత్రం కల్పించింది. తర్వాత సాక్ష్యాలు చాలక రెండు కేసులూ వీగిపోయాయి.

సభ్యత్వం నచ్చని దేశం నోటీసిచ్చి ఏడాది తర్వాత బయటపడవచ్చు. బురుండి 2017లో, ఫిలిప్పీన్స్ 2019 మార్చి 17న అలాగే వెళ్ళిపోయాయి. ఫిలిప్పీన్స్‌ను బయటికి నడిపించిన నాటి అధ్యక్షుడు రొడ్రిగో దుతెర్తెను 2025 మార్చిలో అరెస్టు చేసి హేగ్‌కు పంపారు. వారెంటులో నేరాల లెక్కకు తీసుకున్న ఆఖరి రోజు 2019 మార్చి 16.