గురక ఆగిన చోట

రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి, స్లీప్ ల్యాబ్. మీరు తలుపు పక్కన నిలబడ్డారు. గదిలో మంచం, ఏసీ, గోడకు కెమెరా. మంచం అంచున కూర్చున్నాయన లారీ డ్రైవరు. యాభై దాటాయి. లావుపాటి మెడ, గుబురు మీసం. టెక్నీషియన్ అమ్మాయి టేపుతో ఆయన తల కొలుస్తూ పెన్సిలుతో గుర్తులు పెడుతోంది. గుర్తు పెట్టిన ప్రతిచోటా చర్మం రుద్ది, పేస్టు అద్ది, వైరు అతికిస్తోంది. తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, పిక్కల మీద. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకి ఒకటి. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు.

“ఇన్ని వైర్లు పెడితే నిద్రెట్ల పడ్తది బిడ్డా?”

“పడ్తది బాబాయ్. అందరూ ఇదే అడుగుతరు.”

కుర్చీలో కూర్చున్న ఆయన భార్య అందుకుంటుంది. “గురకకు నాకేం భయం లేదు బిడ్డా. పెండ్లయిన కాడి నుంచి వింటున్న. గురక ఆగితేనే భయమైతది. ఊపిరి ఆడ్తలేదని తట్టి లేపుత. పొద్దున అడిగితే, నాకేమైంది, మంచిగనే పన్న అంటడు.”

ఆయన అబద్ధమాడటం లేదు. రాత్రి తనకేం జరుగుతోందో ఆయనకు నిజంగానే తెలియదు. పగలు తెలిసేదల్లా పొద్దున తలనొప్పి, స్టీరింగ్ ముందు కళ్లు మూతలు పడటం, మందులకు లొంగని బీపీ. నిద్రలో ఊపిరి ఆగిపోయే ఈ జబ్బుకు, అంటే స్లీప్ ఆప్నియాకు, మొదటి సాక్షి పక్కన పడుకునే మనిషే. అందుకే మంచి డాక్టరు భార్యను కూడా కూర్చోబెట్టి అడుగుతాడు.

లైట్లు ఆరాయి. మీరు టెక్నీషియన్ వెంట పక్క గదిలోకి వచ్చారు. తెర నిండా గీతలు. తెర మీద ఒక్కో పుట ముప్పై సెకన్ల నిద్ర. కాసేపటికే స్పీకరులో గురక మొదలైంది. పెరిగింది. ఉన్నట్టుండి ఆగింది.

గాలి ప్రవాహం చూపే గీత చదునైపోయింది. కానీ బెల్టుల గీతలు చూడండి: ఛాతీ లోపలికి పోతుంటే పొట్ట బయటికొస్తోంది. ఆయన ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పది సెకన్లు దాటితే దాన్ని ఆప్నియాగా లెక్కేస్తారు. ఇరవై అయింది. ముప్పై. ఆక్సిజన్ 94 నుంచి 91కి, 86కి జారింది. హఠాత్తుగా మెదడు గీతలన్నీ చిక్కగా మారాయి, కాళ్లు కదిలాయి, పెద్ద శబ్దంతో ఊపిరి తీశాడు. అంకె మాత్రం ఇంకా పడుతూనే ఉంది, 81 దాకా. ఊపిరితిత్తుల దగ్గరి రక్తం వేలిదాకా రావడానికి ఆ కాస్త సమయం పడుతుంది. గుండె వేగం ఎగబాకింది. ఆయన మేలుకున్నది కొన్ని సెకన్లే. పొద్దునకు గుర్తుండదు. మళ్లీ గురక, మళ్లీ నిశ్శబ్దం.

మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతాయి. నిద్రలో సడలుతాయి. మెడలో కొవ్వు చేరినా, దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెద్దవైనా ఆ దారి ముందే ఇరుకు. తడిసి మెత్తబడ్డ కాగితం స్ట్రాతో కొబ్బరినీళ్లు గట్టిగా పీల్చి చూడండి: పీల్చిన కొద్దీ అది అతుక్కుపోతుంది. గొంతులో జరిగేది అదే. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది రావచ్చు. పడుకోబోయే ముందు వేసే క్వార్టరు ఆ కండరాలను ఇంకా సడలిస్తుంది.

గంటకు ఇలాంటివి ఐదు లోపు ఉంటే మామూలు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మొదటి రెండు గంటల్లోనే ఈయనకు గంటకు యాభై దాటాయి. ఇంత స్పష్టంగా తేలాక మిగతా రాత్రి గాలి ఊదే మిషన్ మాస్కుతోనే. మీసం దగ్గర గాలి కారుతుంటే టెక్నీషియన్ పట్టీలు సర్ది, పడక గదిలోంచి తిరిగొచ్చింది. నాలుగు సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతోంది. ఆరు, ఎనిమిది, పది. పదకొండు దగ్గర గురక పోయింది. గాలి గీత గుండ్రంగా, ఒకే తీరుగా సాగుతోంది. ఆక్సిజన్ 95. “చూడండి, కనుగుడ్లు కదుల్తున్నయి, కల పడుతోంది,” అంటుందామె. చాలాకాలంగా తెగిపోతూ వచ్చిన కలల నిద్రను శరీరం ఇప్పుడు కరువుతీరా తీసుకుంటోంది.

ఈ గాలి వైద్యం పుట్టింది 1980 జూన్‌లో, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో. అప్పటిదాకా తీవ్రమైన రోగులకు దిక్కు గొంతుకు రంధ్రం చేయడమే. అది వద్దన్న ఒక రోగికి కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటారును గాలి ఊదేలా అమర్చి, ముక్కుకు మాస్కు అతికించాడు. ఆ రోగి ఆ రాత్రి ఎడతెగకుండా నిద్రపోయాడు. మరుసటి ఏడు ఐదుగురు రోగుల ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మందూ మాకూ లేకుండా, ఒట్టి గాలితో మనిషిని నిలబెట్టిన ఈ ఆలోచన నాకు వైద్యచరిత్రలోని గొప్ప ఆలోచనల్లో ఒకటి.

పొద్దున ఆరు. జుట్టు నిండా పేస్టు. “తల తేలికగున్నది,” అంటాడాయన. భార్య మాత్రం, “బతికినంత కాలం పెట్టుకోవాల్నా?” అని అడుగుతుంది. నిజం చెప్పాలి: మిషన్ జబ్బును నయం చేయదు. పెట్టుకున్నంతసేపే పని చేస్తుంది, అందుకే రాత్రంతా పెట్టుకోవాలి. బరువు తగ్గితే అవసరం తగ్గవచ్చు. తేలికపాటి, మధ్యస్థ జబ్బుకు కింది దవడను ముందుకు జరిపి పట్టే పరికరం దంతవైద్యులు చేస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడే వచ్చేవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడం మేలు. పిల్లల్లో చాలాసార్లు టాన్సిల్స్, అడినాయిడ్స్ తీస్తే సరిపోతుంది. ఊబకాయంతో పాటు ఈ జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న పెద్దలకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబరులో ఆమోదించింది. ఏది ఎవరికన్నది పరీక్ష చేసిన డాక్టరే తేల్చాలి.

మన ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటల బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బే. అయినా గురక పెట్టేవాడు గాఢనిద్రలో ఉన్నాడని మురిసిపోతూ మనం ఇంకా గురకను వదిలేస్తున్నాం. స్టీరింగ్ లాక్కుంటారేమోనన్న భయంతో డ్రైవర్లు నోరు విప్పడం లేదు. చికిత్స సరిగ్గా తీసుకుని నిద్రమత్తు వదిలిన డ్రైవరు మళ్లీ బండి నడపవచ్చు. దాచుకున్నవాడి వల్లే రోడ్డు మీద అందరికీ ముప్పు. మీ ఇంట్లో ఎవరి గురకైనా మధ్యలో ఆగి, ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుంటే ఈ రాత్రే ఫోనులో రెండు నిమిషాల వీడియో తీయండి. రేపు దాన్ని డాక్టరుకు చూపించండి.