కోరుకొండ బడి నుంచి గల్వాన్ లోయకు

గోదావరి జిల్లాల వారికి కోరుకొండ అనగానే రాజమహేంద్రవరం చెంత లక్ష్మీనరసింహస్వామి కొలువైన కొండ స్ఫురించడం సహజం. సైనిక చరిత్రలో వినిపించే కోరుకొండ మాత్రం విజయనగరం సమీపంలోనిది. పూసపాటి వంశీయుడు పి.వి.జి. రాజు ఇచ్చిన రాజభవనంలో 1962 జనవరి 18న అక్కడ ప్రారంభమైన సైనిక్ స్కూల్ పూర్వ విద్యార్థే, 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సేనలతో తలపడి నేలకొరిగిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు.

తెలుగువారికి సైనిక వృత్తి కొత్తది కాదు. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మందిని పంపి ‘మిలిటరీ మాధవరం’గా పేరొందింది. అయితే సిపాయి కొలువుకు ఊరి ఆనవాయితీ, దేహదారుఢ్యం దారి చూపగలిగినా, అధికారి పదవికి వాటితోపాటు ఉన్నత విద్య, పోటీ పరీక్షల్లో నెగ్గుకొచ్చే శిక్షణ కావలసి వచ్చేవి. అధికారుల శ్రేణిలో ప్రాంతాల మధ్య, వర్గాల మధ్య ఉన్న ఈ అంతరాన్ని తగ్గించే ఉద్దేశంతోనే, రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మేనన్ చొరవతో 1961లో సైనిక్ స్కూళ్లు, అంటే విద్యార్థులను జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశానికి సిద్ధం చేసే వసతి పాఠశాలలు, మొదలయ్యాయి.

ఆ ఉద్దేశం ఎలా నెరవేరిందో సంతోష్ బాబు జీవితం చూపుతుంది. 1983లో సూర్యాపేటకు చెందిన బ్యాంకు ఉద్యోగి ఇంట జన్మించిన ఆయన, సైన్యంలో చేరాలన్న తన కోరిక తీరని తండ్రి ప్రోత్సాహంతో ఆరో తరగతిలో కోరుకొండ చేరి, 2000లో ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీకి ఎంపికై, డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలో శిక్షణ ముగించుకొని, 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో అధికారిగా నియమితులయ్యారు. పదిహేనేళ్లకు అదే బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్, అంటే వందలాది సైనికుల దళానికి అధిపతి, అయ్యారు.

2020 జూన్ 6న ఇరు సైన్యాల ఉన్నతాధికారులు బలగాలను వెనక్కి మళ్లించేందుకు అంగీకరించినా, గల్వాన్‌లో అది అమలయ్యే దశలోనే ఘర్షణ చెలరేగింది. వాస్తవాధీన రేఖకు, అంటే గుర్తింపు పొందిన సరిహద్దు లేని చోట ఇరుపక్షాల అధీనంలోని ప్రాంతాలను వేరుచేసే రేఖకు, రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదని 1996 ఒప్పందం నిర్దేశించినందున, పోరు రాళ్లతో, ఇనుప కడ్డీలతో, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతో సాగింది. గాయపడినా వెనుదిరగక తన దళాన్ని నడిపించిన సంతోష్ బాబుతో సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. 1975 తరువాత ఆ రేఖ వెంట ఘర్షణలో భారత సైనికులు మరణించడం అదే మొదటిసారి.

యుద్ధం ప్రకటించకపోయినా, 2021 గణతంత్ర దినోత్సవాన ప్రభుత్వం ఆయనకు యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీర చక్ర తరువాతిదైన మహావీర చక్రను ప్రకటించడం గమనార్హం. శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి ఇచ్చే ఆ గౌరవాన్ని కార్గిల్ యుద్ధంలో ప్రాణాలర్పించిన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య కూడా మరణానంతరం పొందారు. సూర్యాపేట కూడలిలో నెలకొన్న విగ్రహం సంతోష్ బాబు త్యాగాన్ని చాటుతుంది. ఆయనను అధికారిగా తీర్చిన మార్గం మాత్రం తరగతి గదుల్లో ఉంది. 2014లో కలికిరిలో మరో సైనిక్ స్కూల్ రావడం, 2021-22 నుంచి ఈ పాఠశాలల్లో బాలికలకూ ప్రవేశం లభించడం ఆ మార్గాన్ని విస్తరించాయి గనుక, మాధవరం వంటి ఊళ్ల నుంచి, సైనిక నేపథ్యమే లేని ఇళ్ల నుంచి ఎందరు పిల్లలు దళాలను నడిపించే స్థాయికి చేరుతారన్నదే ఆయన స్మృతికి సరైన కొలమానం.